911కి ఫోనా, చేతిలో తుపాకీనా?



2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతేలో మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపాక చాలా ఇళ్ళలో ఒక ప్రశ్న మొదలైంది: "మనమూ ఒక తుపాకీ కొనుక్కోవద్దా?" ఆ హత్య బార్‌లో జరిగింది, ఇంట్లో తుపాకీ ఉన్నా ఆపగలిగేది కాదు. అయినా భయం నిజం. దాన్ని కొట్టిపారేయను.

తుపాకీ కావాలనేవారి వాదనలో బలముంది. కొలరాడోలో 1999లో ఒక తల్లి, కోర్టు ఉత్తర్వు ఉన్నా భర్త ముగ్గురు ఆడపిల్లలను తీసుకుపోయాడని పోలీసులకు పదేపదే ఫోన్ చేసింది. వాళ్ళు కదల్లేదు. పిల్లలు హతమయ్యారు. ఆ ఉత్తర్వును అమలు చేయించుకునే రాజ్యాంగ హక్కు ఆమెకు లేదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. అదే కోర్టు 2008లో, ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం పౌరుల హక్కేనంది. రెండూ పక్కపక్కన పెడితే, "నీ రక్షణ నువ్వే చూసుకో" అన్నట్టే వినిపిస్తుంది.

కానీ మన పరిస్థితి వేరు. హెచ్1బి, హెచ్4, విజిటర్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడం, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఫెడరల్ నేరం. 2022 చట్టం తర్వాత దీనికి 15 ఏళ్ళ వరకు జైలు పడవచ్చు. స్నేహితుడి తుపాకీని నాలుగు రోజులు దాచిపెట్టినా చిక్కే. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

హక్కు ఉన్నవారూ ఒకటి ఆలోచించాలి. 1992లో లూసియానాలో ఒక జపాన్ విద్యార్థి హాలోవీన్ పార్టీకి వెళ్తూ పొరపాటున వేరే ఇంటి తలుపు తట్టాడు. కదలొద్దని ఇంటాయన అరిచాడు. కుర్రాడు ఆగలేదు, ప్రాణం పోయింది. ఇంటాయన నిర్దోషిగా బయటపడ్డాడు. యాస వేరైన మనం, మన పిల్లలు, ఆ తలుపుకు ఏ వైపునైనా ఉండవచ్చు. ఇంకొకటి: 2021లో ఈ దేశంలో తుపాకులకు బలైనవారు 48 వేలకు పైనే. అందులో సగానికి మించి ఆత్మహత్యలు. దొంగ ఎప్పుడొస్తాడో తెలియదు, ఇంట్లోవారి దిగులు మాత్రం రోజూ ఇంట్లోనే ఉంటుంది. కాబట్టి కొనేవారు శిక్షణ తీసుకోండి, తాళం వేసిన పెట్టెలో పెట్టండి.

మిగతా మనందరికీ 911 ఉంది. దాన్ని వాడడం నేర్చుకోవాలి. ముందు చిరునామా చెప్పాలి, తర్వాతే కథ. సెల్‌ఫోను మనమున్న చోటును ప్రతిసారీ కచ్చితంగా చూపించదు. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకు చిరునామా పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పడం నేర్పండి. చాలాచోట్ల దుబాసీని లైన్లో కలుపుతారు.

చివరగా, ఇది రాజకీయ వేదిక కనుక ఒక మాట. పోలీసు వచ్చి తీరాలని కోర్టు హామీ ఇవ్వనప్పుడు ఆ హామీని మన నగర కౌన్సిల్ దగ్గర రాబట్టుకోవాలి. మా వీధికి పోలీసు రావడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది? డిస్పాచర్లు సరిపడా ఉన్నారా? ఓటున్నవారు ఓటుతో అడగండి. లేనివారు కూడా చాలా ఊళ్ళలో కౌన్సిల్ సమావేశానికి వెళ్ళి మాట్లాడవచ్చు. అధ్యక్ష ఎన్నికల మీద రాత్రంతా వాదించుకునే మనం, ఏడాదికి ఒక్క సాయంత్రం దీనికివ్వలేమా?