పిడికిలి విప్పిన బోధ

(ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీ స్థితి విచిత్రమైనది. ఉదయం నల్లబల్ల ముందు మీరు గురువులు. సాయంత్రం పర్యవేక్షకుని ఎదుట పాఠ్యపథకం పట్టుకొని నిలబడిన విద్యార్థులు. పిల్లలు మిమ్మల్ని సగం ఉపాధ్యాయులుగానే చూస్తారు; పాఠశాలలోని పెద్దలు కొందరు ఆ సగాన్ని కూడా ఒప్పుకోరు. పైగా డీఎస్సీ ఎప్పుడు వస్తుందో, వచ్చినా కొలువు దొరుకుతుందో లేదోనన్న దిగులు. ఇటువంటి దశలో ఉన్నవారితో ఆనందం, ఆశయం అని పలకడం తేలిక కాదని ఎరిగే ఈ విషయాన్ని ఎత్తుకుంటున్నాను.

ఈ దేశం గురువును గూర్చి రెండు చిత్రాలను మనకు అందించింది. ఒకటి భారత కథలోని ద్రోణుడు. ఏకలవ్యునికి విద్య నేర్పలేదు, బొటనవేలిని మాత్రం దక్షిణగా పుచ్చుకున్నాడు. రెండవది తథాగతుడు. వైశాలి సమీపాన బేలువ గ్రామంలో తీవ్రమైన వ్యాధి నుండి కోలుకున్న భగవానుడు ఆనందునితో ఏమి చెప్పాడో మహాపరినిబ్బాన సుత్తం తెలుపుతుంది. లోపలివారు, వెలుపలివారు అన్న భేదం లేకుండా తాను ధర్మాన్ని బోధించాడట. తన వద్ద ఆచార్యముష్టి లేదట. ఆచార్యముష్టి అనగా కొంత విద్యను తనకే దాచుకొని గురువు బిగించిన పిడికిలి.

ఆ బిగిసిన పిడికిలి ఎట్లా ఉంటుందో మన పెద్దలకు తెలుసు. సతారాలో బాలుడైన భీమరావు ఇంటి నుండి తెచ్చుకున్న గోనెపట్టా మీద వేరుగా కూర్చున్నాడు. నౌకరు వచ్చి నీరు పోస్తే తప్ప దప్పిక తీరలేదు. ఆ మహనీయుడే 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించి, మరుసటి సంవత్సరం బొంబాయిలో సిద్ధార్థ కళాశాలను తెరిచారు. నాగపూరు దీక్షకు అప్పటికి ఇంకా పదేళ్లున్నాయి. తరువాత ఔరంగాబాదులో వెలసిన కళాశాలకు మిళిందుని పేరు వచ్చింది. ఒకటి బోధించిన వాని పేరు, మరొకటి నాగసేనుని ప్రశ్నలతో నిలదీసిన రాజు పేరు. ఈ జంటను నేను యాదృచ్ఛికమని అనుకోను.

ఇక ఆనందం సంగతి. చుళ్లపంథకుని కథ మీలో చాలామంది వినే ఉంటారు, అయితే ఉపాధ్యాయుని కళ్లతో మరొకసారి వినండి. అన్న మహాపంథకుడు తమ్మునికి ఒక్క గాథ నేర్పబూనాడు. నాలుగు నెలలు గడిచినా అది కంఠస్థం కాలేదు. నీవు పనికిరావు, వెళ్లిపొమ్మన్నాడు. అన్నగారు దుష్టుడు కాడు, అర్హతుడు. గొప్ప జ్ఞాని తప్పక గొప్ప బోధకుడు కావాలని లేదు, అంతే. వెళ్లిపోతున్న తమ్ముణ్ణి భగవానుడు ద్వారం వద్ద ఆపి, అతని చేతికి తెల్లని వస్త్రఖండం ఇచ్చి, మలినం తొలగించడాన్ని సూచించే ఒక చిన్న మాట జపిస్తూ రుద్దమన్నాడు. రుద్దగా రుద్దగా వస్త్రం మాసింది. అనిత్యం అతనికి కంటి ఎదుటే కనబడింది. శిష్యుడు అదే శిష్యుడు, మారింది పాఠం. మీరు సూక్ష్మబోధనలో బోధనోపకరణమని నేర్చుకునేది ఆ గుడ్డముక్కే.

ఆ రోజే జీవకుని ఇంట సంఘానికి భోజనం. భగవానుడు పాత్రపై చేయి అడ్డుపెట్టి, విహారంలో ఒక భిక్షువు మిగిలి ఉన్నాడు, పిలిపించమన్నాడు. భోజనానంతరం అనుమోదన పలికే గౌరవం కూడా ఆ మందమతి అనిపించుకున్న వానికే దక్కింది. అప్పుడు శాస్త కలిగి ఉండే భావానికి మన పరిభాషలో ముదిత అని పేరు. ఇతరుల ఉన్నతిని చూసి పొంగే సంతోషం. మైత్రిని, కరుణను మనం తరచుగా స్మరిస్తాం. ముదితను ఎందుకో మరచిపోతాం. కేవలం కరుణతో బోధించేవాడు త్వరగా అలసిపోతాడని నా అభిప్రాయం. జాలిపడి చెప్పిన పాఠాన్ని పిల్లవాడు ఇట్టే పసిగడతాడు కూడా. వెనుక వరుసలో కూర్చున్న బిడ్డ భాగహారం మొదటిసారి తానై చేసి తల ఎత్తి చూసినప్పుడు మీ గుండెలో కదిలేది ముదిత. ఉపాధ్యాయ దినోత్సవం నాటి పువ్వులతో దానికి సంబంధం లేదు. మొదటి వారంలోనే అది దొరుకుతుందని మాట ఇవ్వలేను. దొరకని రోజులకు ఉపేక్ష ఉన్నది.

సావిత్రీబాయి ఫూలే కూడా మీవంటి శిక్షణార్థినే అని గుర్తు చేస్తాను. భర్త వద్ద అక్షరాలు దిద్ది, అహ్మద్‌నగర్‌లో, పుణెలో ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఆమెకు 1848లో పుణె భిడేవాడలో బాలికల పాఠశాల ఆరంభమైన నాటికి 17 ఏళ్లు. దారిలో పేడ, బురద విసిరేవారు కనుక మార్చుకోవడానికి మరొక చీర వెంట తీసుకుపోయేదని చెబుతారు. మనకు ఆ చీర కథ మీద మక్కువ ఎక్కువ. చీర మార్చుకున్న తరువాత ఆమె లోపలికి వెళ్లి ఏమి చేసిందో తక్కువగా తలచుకుంటాం. పాఠం చెప్పింది.

రెండేళ్ల బి.ఎడ్.లో మీరు పాఠశాలల్లో గడిపేది సుమారు 20 వారాలు. రికార్డులు పూర్తి చేయడానికి ఆ వ్యవధి చాలదని మీరు అంటారు, నిజమే. ఒక చుళ్లపంథకుణ్ణి గుర్తించడానికి మాత్రం చాలుతుంది. హాజరుపట్టీలో ఆ పేరు వెతకండి. ఆ బిడ్డకు ఏ గుడ్డముక్క సరిపోతుందో ఆలోచించి, దానిని మీ పాఠ్యపథకంలో ఒక పంక్తిగా రాయండి. పర్యవేక్షకుడు అడిగితే కారణం చెప్పండి.

నాకిచ్చిన సమయం ముగిసింది. ఇక మీ ప్రశ్నలు వింటాను.