టీకా చల్లగా ఉండాలి



"చల్లగా ఉండు" అని పెద్దలు పిల్లల్ని దీవిస్తారు. బిడ్డ చల్లగా ఉండాలంటే బిడ్డకు వేసే టీకా మందు కూడా చల్లగా ఉండాలి. ఎందుకో వినండి.

ఒక తల్లి కూలి మానుకుని, బిడ్డను చంకనేసుకుని వచ్చింది. నర్సమ్మ సూది వేసింది. కార్డులో రాసింది. "నా బిడ్డకు ఇక తట్టు భయం లేదు" అనుకుంది తల్లి. మరి ఆ మందు అంతకు ముందే వేడికి చెడిపోయి ఉంటే? చెడిన పాలు విరుగుతాయి. చెడిన అన్నం వాసన వేస్తుంది. చెడిన టీకా మాత్రం మంచి టీకా లాగే కనబడుతుంది. బిడ్డకు సూది నొప్పే మిగులుతుంది.

టీకాలను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వేడి తగిలితే పోలియో చుక్కలు, తట్టు టీకా పాడవుతాయి. గడ్డకడితే ధనుర్వాతం టీకా పాడవుతుంది. అందుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలకు వేరే ఫ్రిజ్ ఉంటుంది.

మునుపు ఉద్యోగులు పొద్దున, సాయంత్రం ఫ్రిజ్ తెరిచి, థర్మామీటరు చూసి పుస్తకంలో రాసేవారు. రాత్రి కరెంటు పోయి ఏం జరిగిందో ఎవరికీ తెలిసేది కాదు. 2015లో భారత ప్రభుత్వం "ఈవిన్" అనే పద్ధతి మొదలుపెట్టింది. ఇందులో ఫ్రిజ్‌కు ఒక చిన్న యంత్రం అమర్చుతారు. సెల్ ఫోనులో ఉన్నట్టే దానిలో సిమ్ కార్డు ఉంటుంది. అది పది నిమిషాలకొకసారి చల్లదనం కొలుస్తుంది. హద్దు దాటితే మోగుతుంది. బాధ్యత గలవారి సెల్ ఫోనుకు కబురు పంపుతుంది. ఏ కేంద్రంలో ఎంత మందు ఉందో కూడా పై అధికారులకు సెల్ ఫోను ద్వారా తెలుస్తుంది. మందు నిండుకోక ముందే పంపవచ్చు.

కానీ యంత్రం కబురు మాత్రమే పంపుతుంది. అర్ధరాత్రి అయినా లేచి వెళ్లి మందును కాపాడవలసింది మనిషే.

ఇంకో మాట. మందు ఫ్రిజ్ నుంచి మీ ఊరికి ఐసు పెట్టెలో వస్తుంది. ఫ్రిజ్ దగ్గరి యంత్రం దాని వెంట రాదు. అక్కడ తల్లి కళ్లే కాపలా. సీసా లేబుల్ మీదో, మూత మీదో గుండ్రటి గుర్తు ఉంటుంది. దాని లోపల చిన్న చదరం ఉంటుంది. చదరం చుట్టూ ఉన్న రంగు కన్నా లేతగా ఉంటే మందు వాడవచ్చు. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. రెండు రంగులూ ఒకటైతే ఆ మందు వాడకూడదు.

ఈసారి టీకాకు వెళ్లినప్పుడు "అమ్మా, ఆ గుర్తు ఒకసారి చూపించండి" అని నర్సమ్మను అడగండి. జంకవద్దు. అడగడం తప్పు పట్టడం కాదు. మందు చెడిందని తేలితే మంచి సీసా తెప్పించమనండి. అంతేగాని బిడ్డకు టీకా మాత్రం మానవద్దు.

అక్షరాలు దిద్దిన కళ్లు ఆ చిన్న గుర్తును కూడా చదవగలవు.