లేత్ మిషను మొరాయిస్తే ముందు చూడవలసినవి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో డి.ఎ. బకాయిలు వదిలి లేత్ మిషను గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉన్నది. మన పిల్లల్లో ఐ.టి.ఐ. చదివి, తండ్రి రిటైర్మెంటు సొమ్ముతో పాత లేత్ కొని షెడ్డు పెట్టుకున్నవారున్నారు. మిషను మొరాయిస్తే ఆగేది ఆ ఇంటి రాబడి. మన ప్రాంతానికి ఈ విద్య కొత్త కాదు. సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ 1943లోనే మొదలైంది. మన పక్కనున్న ఆదిభట్లలో 2018లో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లేజ్ తయారీ కేంద్రం ప్రారంభమైంది.

నేను మెకానిక్కును కాను. ఐ.టి.ఐ. ఆఫీసులో గుమాస్తాగా స్టోర్సు లెక్కలు వ్రాసినవాణ్ణి. ఇన్‌స్ట్రక్టర్ల వద్ద నేర్చుకున్న సూత్రం ఒక్కటే: విడిభాగం కొనేముందు ఖర్చులేని తనిఖీలన్నీ పూర్తి చేయాలి.

మొదటిది అదురు. కోత పడేటప్పుడు మిషను కీచుమని, పని మీద అలలు తేలితే వెంటనే బేరింగులు విప్పించవద్దు. టూలు హోల్డరు నుంచి ఎక్కువ బయటికి వచ్చిందేమో చూడండి; దాని మందానికి ఒకటిన్నర రెట్లు దాటకపోవడం మంచిది. స్క్రూలు బిగించి, వేగం తగ్గించి చూడండి. పొడుగు కడ్డీ అయితే రెండో కొసకు టెయిల్‌స్టాక్ ఆధారం ఇవ్వాలి.

రెండవది వాలు. రెండు సెంటర్ల నడుమ తిప్పిన కడ్డీ ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా వస్తే టెయిల్‌స్టాక్ పక్కకు జరిగి ఉంటుంది. ఆ కొస లావుగా ఉంటే దాన్ని పనివాని వైపుకు, తేడాలో సగం జరపాలి. మైక్రోమీటరులో 0.04 మి.మీ. తేడా వస్తే జరపవలసింది 0.02 మి.మీ. చక్‌లో మాత్రమే పట్టినప్పుడు కూడ సన్నని కోతకే వాలు వస్తుంటే బెడ్ మెలిపడిందేమో చూడాలి. మేలైన రసమట్టం బెడ్ రెండు కొసల వద్ద అడ్డంగా పెడితే తెలుస్తుంది. కాళ్ళ కింద రేకు ముక్కలు సర్దితే సరిపోవచ్చు.

మూడవది, ముఖం చదును చేసేటప్పుడు నడుమ చిన్న బొడిపె మిగలడం. టూలు మొన సెంటరు ఎత్తులో లేదన్నమాట.

నాలుగవది, పని వంకరగా తిరగడం. మూడు దవడల చక్ విప్పి, ఇనుప రజను తుడిచి, దవడలను 1, 2, 3 అంకెల వరుసలోనే ఎక్కించండి. ఇంకా ఖచ్చితం కావాలంటే నాలుగు దవడల చక్, డయల్ గేజి వాడాలి.

ఐదవది, త్రీ ఫేజు మోటారు మూలుగుతూ తిరగకపోవడం. ఒక ఫేజు పోయి ఉండవచ్చు. బోరు మోటార్లతో మనకు తెలిసిన సంగతే. వెంటనే స్విచ్ ఆపాలి. లేకుంటే వైండింగు కాలిపోతుంది. ఆ పని ఎలక్ట్రీషియనుకే వదలండి.

ఒకసారికి ఒక్కటే మార్చాలి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది రోగమో, ఏది మందో తెలియదు. ఏ తేదీన ఏమి మార్చినదీ నోటుబుక్కులో వ్రాసుకోవాలి. పాత కాగితాలు చూడకుండా ఫైలు మీద నోటు పెట్టమని మనకు తెలుసు గదా!

చివరగా ఒక్క మాట. పాడైన మిషనుకు మరమ్మతు ఉన్నది, పోయిన వేలికి లేదు. తిరిగే లేత్ వద్ద చేతి తొడుగులు, వదులు చొక్కా చేతులు, మెడలో తువ్వాలు పనికిరావు. చక్ తాళం అందులోనే వదిలి స్విచ్ వేయరాదు. రజనును చేత్తో లాగరాదు. కళ్ళద్దాలు తప్పనిసరి. పిల్లలకు పెట్టుబడి ఇచ్చిన చేతులతోనే ఈ నాలుగు జాగ్రత్తలు కూడ ఇవ్వండి.