తీర్పు ఎవరికి శుభవార్త?

(పావగడ తాలూకా బలసముద్రంలో సాయంకాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘపెద్దలు నన్ను పిలిచినప్పుడు అడిగింది ఒకటే. “అయ్యా, అంత్యదినాల గురించి చెప్పండి. ఈ ఎండలు, ఈ యుద్ధాల వార్తలు చూస్తే భయమేస్తోంది. మహాశ్రమలు మొదలైనట్టేనా?” జవాబు చెప్పే ముందు నా తప్పు ఒకటి మీ దగ్గర ఒప్పుకోవాలి.

1999లో నాకు ఇరవై ఏళ్లు నిండలేదు. సువార్త బృందంతో ఊళ్లు తిరిగేవాణ్ణి. మా దగ్గర ఒక పెద్ద గుడ్డ పటం ఉండేది. ఎత్తబడుట ఇక్కడ, ఏడేళ్ల శ్రమలు ఇక్కడ, క్రీస్తు విరోధి ఇక్కడ, వెయ్యేళ్ల పాలన ఇక్కడ అని గీతలు గీసి రంగులు వేసిన పటం. లోకం 2000 సంవత్సరం దాటదని నా నోటితో నేనే చెప్పాను. ఒక ఊళ్లో కూలి చేసుకునే తండ్రి ఆ మాట నమ్మి, ఏడో తరగతి చదివే కూతుర్ని బడి మాన్పించాడు. ప్రభువు వస్తుంటే చదువెందుకన్నాడు. విశ్వాసమంటే ఇదీ అని నేను సంతోషించాను. పన్నెండేళ్ల తర్వాత ఆ ఊరి మీదుగా పోతూ ఆ అమ్మాయిని చూశాను. చెనక్కాయలు ఒలిచే కూలికి పోతోంది. “బాగున్నారా అయ్యా” అని నవ్వుతూ పలకరించింది. ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. అనుంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

ఆ పటం ఎక్కడ పుట్టిందో వేదాంత కళాశాలకు వెళ్లాక తెలిసింది. 1800లో పుట్టిన జాన్ నెల్సన్ డార్బీ అనే బ్రదరెన్ బోధకుడు ఆ వరుసను గట్టిగా బోధించాడు. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ రెఫరెన్స్ బైబిలు దాన్ని దేశదేశాలకు చేర్చింది. క్లారెన్స్ లార్కిన్ అనే అమెరికా బోధకుడు పూర్వం యంత్రాల నమూనాలు గీసిన మనిషి. 1918లో ఆయన దాన్ని పటాలుగా గీసి పుస్తకం వేశాడు. మా గుడ్డ పటం దానికి మనవడు. ఆ బ్రదరెన్ సహవాసం నుంచే 1836లో బౌడెన్, బీర్ గోదావరి ప్రాంతానికి వచ్చారు. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. అయితే పటం వేరు, వాక్యం వేరు. పటానికి నూటయాభై, రెండువందల ఏళ్లు. వాక్యానికి దాదాపు రెండువేల ఏళ్లు.

ఇప్పుడు వాక్యం చూద్దాం. ‘శ్రమ’ అని మనం చదివే చోట గ్రీకులో థ్లిప్సిస్ అనే మాట ఉంది. నొక్కడం, పిండడం అని దాని అర్థం. గానుగలో పడిన చెనక్కాయ ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ప్రకటన 1:9లో యోహాను తన్ను పరిచయం చేసుకుంటూ, తాను మీతోపాటు ఆ శ్రమలో పాలున్నవాణ్ణని చెబుతాడు. రాబోయే శ్రమ అనలేదు, తాను అప్పటికే ఉన్న శ్రమ అన్నాడు. పత్మసు ద్వీపంలో ఉండి రాస్తున్నాడు, రోము సామ్రాజ్యం నొక్కుతోంది. స్ముర్న సంఘం శ్రమలో, పేదరికంలో ఉంది. లవొదికయ సంఘానికి ఏ శ్రమా లేదు, డబ్బుంది, ఏమీ తక్కువ లేదు. ప్రభువు ఎవరిని మెచ్చుకున్నాడో, ఎవరిని ఉమ్మివేస్తానన్నాడో ఇంటికి వెళ్లి రెండు, మూడు అధ్యాయాలు చదువుకోండి.

ఎనిమిదో అధ్యాయంలో మాచిపత్రి అనే నక్షత్రం నదుల మీద, నీటి బుగ్గల మీద పడుతుంది. నీళ్లు చేదై చాలామంది చస్తారు. 1986లో చెర్నోబిల్ అణు కేంద్రం పేలినప్పుడు ఇదే ఆ నక్షత్రమని ఎంతోమంది బోధకులు చెప్పారు. ఇప్పటికీ చెబుతారు. సరే, చెర్నోబిల్ ఎక్కడ, పావగడ ఎక్కడ? ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంది. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు చూశాం. నలభై ఏళ్లకే మోకాళ్లు వంగనివాళ్లను, నడుము నిలవనివాళ్లను చూశాం. చేదునీళ్ల కోసం ఉక్రెయిన్ దాకా వెళ్లి వెతికిన మేము, మా సంఘంలో పిల్ల నవ్వినప్పుడు ఆ పళ్ల వంక చూడలేదు. ఫ్లోరైడే ఆ మాచిపత్రి అని నేను అనడం లేదు. నీళ్లు చెడిపోయి పేదలు నలిగినప్పుడు పరలోకం దాన్ని లెక్క రాస్తుందని మాత్రం ఆ అధ్యాయం నాకు నేర్పింది.

ఆరో అధ్యాయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మూడో ముద్ర విప్పగానే నల్లగుర్రం వస్తుంది. దాని మీద ఉన్నవాడి చేతిలో కత్తి లేదు, త్రాసు ఉంది. ఒక దేనారానికి సేరు గోధుమలు, లేదా మూడు సేర్లు యవలు అని ధర వినబడుతుంది. నూనె జోలికి, ద్రాక్షారసం జోలికి పోవద్దని కూడా వినబడుతుంది. దేనారం అంటే ఒక రోజు కూలి, మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీలకు ఇచ్చింది అదే. రోజంతా ఒళ్లు వంచితే ఒక మనిషికి ఒకరోజు తిండి గింజలు. మరి పెళ్లాం బిడ్డలు? గోధుమలు మాని యవలు కొనుక్కోవాలి. అదీ యోహాను చూసిన కరువు. ఆయన దీన్ని గాలిలోంచి తీయలేదు. దాదాపు క్రీ.శ. 92 ప్రాంతంలో పిసిదియలోని అంతియొకయలో కరువొచ్చి గింజలు దాచేస్తుంటే, అంతిస్తియుస్ రుస్తికుస్ అనే రోమా అధిపతి ఒక ఆజ్ఞ చెక్కించాడు. మోదియు గోధుమలు ఒక దేనారానికి మించి అమ్మకూడదని. మోదియు అంటే యోహాను చెప్పిన కొలతకు దాదాపు ఎనిమిదింతలు. అంటే నల్లగుర్రం పలికిన ధర, కరువులో సర్కారు కట్టిన పైధరకు ఎనిమిదింతలు! నూనె, ద్రాక్షారసం మాత్రం పెద్ద ఆస్తులవాళ్ల సరుకు. దానికి దెబ్బ తగలకూడదు. కరువులో కూడా ఎవరి పంటకు కాపలా ఉంటుందో ఆ ఒక్క వాక్యం చెప్పేసింది.

మన తాతల తాతలు ఆ గుర్రాన్ని చూశారు. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువు. ఈ ప్రాంతం అప్పుడు మైసూరు సంస్థానం. ఆ కరువులో సంస్థానం జనాభాలో సుమారు అయిదో వంతు పోయారని అంచనా. ఇటు కడప, బళ్లారి, కర్నూలు సీమలు ఎండిపోయాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ పెద్ద దర్బారు పెట్టి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించాడు. విందులు సాగాయి. నూనెకు, ద్రాక్షారసానికి ఏ లోటూ లేదు. అదే ఏడాది రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మద్రాసు రాష్ట్రంలో కరువు పనులు చేసే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ ఇది మనుషుల్ని చంపే కూలి అని పోరాడాడు. త్రాసు పట్టుకున్నవాడు ఆకాశంలోంచి దిగలేదు, కచేరీలో కూర్చుని లెక్కలు కట్టాడు.

ఆ రోజుల్లోనే ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్తిస్టు మిషనరీ ఉన్నాడు. ఇవి అంత్యదినాలని ఆయనా ప్రసంగించి ఊరుకోవచ్చు. ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్ల కూలి ఎవరూ మింగకుండా చూశాడు. ఇంకో పనీ చేశాడు. కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, గింజల కోసం వచ్చారన్న మాట వాళ్లకు రాకూడదని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం పండుగల్లో గొప్పగా చెప్పుకుంటాం. కాలువ పనీ కూలిలెక్కా మాత్రం ఎవరూ చెప్పరు.

ఇక ఎండ సంగతి. పదహారో అధ్యాయంలో నాలుగో పాత్ర సూర్యుడి మీద కుమ్మరిస్తారు, మనుషులు మాడిపోతారు. ఈ ఊళ్లో నిలబడి ఆ వచనం చదవడం కష్టం. ఎటు చూసినా సోలారు ప్లేట్లు. బలసముద్రం, తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, అయిదు ఊళ్ల భూమి, 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. ప్లేట్లలో మృగాన్ని వెతకొద్దు, దయచేసి. మృగం ముద్ర ఆధారు కార్డులో ఉందన్నారు, తర్వాత కోవిడ్ టీకాలో ఉందన్నారు, ఆ మాట విని టీకా వేయించుకోనివాళ్లు మన సంఘాల్లోనే ఉన్నారు. బొగ్గు కాల్చకుండా కరెంటు తీయడం మంచి పని. భూమిని నాశనం చేసేవాళ్లను దేవుడు నాశనం చేస్తాడని 11:18లో ఉంది, బొగ్గుపొగ గురించి కూడా ఆ వాక్యం ముందు మనం జవాబు చెప్పాల్సినవాళ్లమే. పైగా ఇక్కడ భూమి లాక్కోలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి నూటికి అయిదు పెంచేలా ఒప్పందం. వానలేక అప్పుల్లో మునిగిన రైతుకు అది ఊపిరి. దాన్ని నేను కాదనను.

అయితే కూడిక మొదలయ్యే ముందు ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. పేరు చెప్పను, ఆమె ఇక్కడే ఉంది. “అయ్యా, నాకు ఎకరమూ లేదు, అర ఎకరమూ లేదు. కలుపు తీసినాను, చెనక్కాయ పీకినాను, నాలుగు గొర్రెలు మేపుకున్నాను. ఇప్పుడు భూమికి కంచె పడింది. భూమున్నోళ్లకు కాగితం ఇచ్చినారు. ఆ కాగితంలో నా పేరు లేదు. తీర్పు రోజు తెరిచే పుస్తకంలోనైనా ఉంటుందా?”

ఇరవై ఏళ్లకు పైగా ప్రకటన గ్రంథం బోధిస్తున్నాను. ఆ పుస్తకం మీద ఇంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. పటాలు గీసేవాళ్లకు తీర్పంటే భయం. ఈ అవ్వకు తీర్పు అంటే, ఎన్నడూ ఎవరూ వినని తన కేసు విచారణకు రావడం. బలిపీఠం కింద ఉన్న ఆత్మలు, ప్రభువా ఇంకెన్నాళ్లు అని అరిచింది ఇందుకే. ఏడో అధ్యాయం చివర శ్రమలోంచి వచ్చినవాళ్లకు దేవుడిచ్చే వాగ్దానం చూడండి. ఆకలి ఉండదు, దాహం ఉండదు, ఎండ దెబ్బ తగలదు. నీడలో కూర్చుని చదివేవాళ్లకు అది కవిత్వంలా ఉంటుంది. కలుపు తీసిన అవ్వకు మాత్రం ఒంటికి తెలుస్తుంది.

అవ్వా, పుస్తకంలో నీ పేరు ఉంటుందని నేను నమ్ముతున్నాను. నాకు భయమున్నది మా పేర్ల గురించి. యాకోబు 5వ అధ్యాయం ధనవంతులతో, అంత్యదినాల్లో డబ్బు కూడబెట్టారు, మీ పొలం కోసిన కూలీలకు ఎగ్గొట్టిన కూలి కేకలు వేస్తోంది, ఆ కేక సైన్యములకధిపతియగు ప్రభువు చెవిలో పడింది అంటుంది. అంత్యదినాల గురించి ఇంత తేటగా చెప్పిన వచనం మీద ఎన్ని కూడికలు పెట్టాం? నేను ఒక్కటీ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో కూడా చెబుతాను. కానుక ఎక్కువ వేసేది భూమున్న కుటుంబాలే. ఆమోసు 5వ అధ్యాయంలో, ప్రభువు దినం రావాలని ఆశపడేవాళ్లను చూసి ప్రవక్త అయ్యో అంటాడు. సింహం నుంచి పారిపోయి ఎలుగుబంటికి చిక్కి, ఇల్లు చేరి గోడకు చెయ్యి ఆనిస్తే పాము కరిచిన మనిషిలా ఉంటుంది మీ గతి అంటాడు. ఆ మాట గుడికి పోయేవాళ్లతోనే అన్నాడు, బయటివాళ్లతో కాదు.

యేసు ప్రభువు అంత్యదినాల మీద చెప్పిన బోధ మత్తయి 24తో ఆగదు, 25లోకి సాగుతుంది. యుద్ధాలు, కరువులు, భూకంపాలతో మొదలై, ఆకలి, దాహం, బట్ట, చెరసాల దగ్గర ముగుస్తుంది. ఆ దినం ఎప్పుడో తెలియదన్నాడు, ఆ దినాన అడిగే ప్రశ్నలు మాత్రం ముందే చేతిలో పెట్టాడు. మనం తేదీ కోసం కొట్టుకుంటున్నాం.

కాబట్టి నా మనవి. కౌలు వచ్చే కుటుంబాలవాళ్లు మనలోనూ ఉన్నారు. ఒకప్పుడు మీ పొలంలో ఎవరు కూలి చేశారో మీకు తెలుసు, వాళ్ల ఇప్పటి పొయ్యి సంగతి కనుక్కోండి. ప్లేట్లు కడగడం, గడ్డి కోయడం, కాపలా, ఏ పని వచ్చినా భూమిలేని ఇళ్లకు ముందు ఇవ్వాలని గ్రామసభలో అడుగుదాం. ఉపాధి పని కార్డు లేనివాళ్లు, ఉన్నా పని దొరకనివాళ్లు, పింఛను రాని అవ్వలు ఎందరో లెక్క కావాలి. ఈ పని క్రైస్తవుల ఇళ్ల దగ్గర ఆగకూడదు. ఊళ్లో భూమిలేని ప్రతి ఇంటికీ వెళ్లాలి. ప్రార్థన చేస్తామని చెప్పి పోవద్దు, పుస్తకం పట్టుకుని పోండి.

నోటు పుస్తకం ఒకటి తెచ్చాను. ప్రార్థన అయ్యాక ఈ దీపం దగ్గరే కూర్చుంటాను. చదువుకున్న పిల్లలు ఇద్దరు నాకు సాయం రండి, చేతిరాత బాగున్నవాళ్లు. అవ్వ పేరు మొదటి వరుసలో రాసేశాను. ఆమె ఇంటిపేరు రాసుకోవడం మర్చిపోయాను, అడగాలి. ప్రార్థన చేసుకుందాం.