పటంలో చూసిన పుంతలు

(డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గడచిన మాఘమాసంలో నేను ఒంటరిగా మోటారు సైకిలు మీద మూడు రోజులు తిరిగి వచ్చిన సంగతి మీలో కొందరికి తెలుసు. దాన్ని గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. క్యాంపు అంటే మనకు తెలిసింది ఒకటే: పై అధికారి వెంట జమాబందీకి వెళ్ళటం, ఎక్కడో వరండాలో పడుకోవటం, తిరిగొచ్చి టి.ఏ. బిల్లు రాసుకోవటం. ఈ క్యాంపుకు బిల్లు లేదు.

నేను రెవెన్యూ శాఖలో 30 ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేశాను. 1984లో కరణాల పదవులు రద్దయి లెక్కల కట్టలన్నీ ఆఫీసులకు చేరినప్పుడు వాటిని సర్దినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. గ్రామ పటం మీద చుక్కల గీతలుగా కనబడేవి పుంతలు. అడంగల్‌లో ‘పుంత, పోరంబోకు’ అని ఎన్ని వేలసార్లు రాశానో లెక్కలేదు. అయితే నేను ఏనాడూ బస్సు దారి మనిషినే. ఆ చుక్కల గీత నేల మీద ఎలా ఉంటుందో చూడాలని ఎప్పటి నుంచో కోరిక. మా ఆవిడ కాలం చేశాక అది పట్టుదలగా మారింది.

ఇంట్లో ఒప్పుకోలేదు. పెద్దవాడు బండి అమ్మేద్దామన్నాడు. “కారు మాట్లాడతాం మామయ్యగారూ, ఎక్కడికంటే అక్కడికి తీసుకెడతాం” అంది కోడలు. పుంతలో కారు పట్టదమ్మా అన్నాను. వాళ్ళ భయంలో న్యాయం లేకపోలేదు. 70 దాటినవాడు పొలాల మధ్య పడిపోతే పలికేవాడుండడు. అందుచేత వాదన మాని షరతులు రాసుకున్నాం. చీకటి పడ్డాక బండి తీయరాదు, గంటకు 30 కిలోమీటర్లు దాటరాదు, రెండు పూటలా ఫోను చేయాలి. లైసెన్సు మాట కూడా చెప్పాలి. 2019 చట్ట సవరణ తరువాత 55 దాటినవారికి అయిదేళ్ళకొకసారి, డాక్టరు సర్టిఫికెట్ పెట్టి మార్చుకోవాలి. మనవాళ్ళు కొందరు ఆ ఊసే ఎత్తకుండా బండి నడుపుతున్నారు. ఈ హాల్లోనే ఉన్నారు, పేర్లు చెప్పను.

బండి నా పాత స్ప్లెండరే. వెనక ఒక బరకం, దోమతెర, దుప్పటి, టార్చి, మందుల డబ్బా, గాలి పంపు, అటుకులు కట్టుకున్నాను. తాపేశ్వరం కాజాలు అరకేజీ తీసుకున్నాను. షుగరు మనిషిని కాబట్టి పంచటానికే!

మొదటి రోజు కాలువ గట్లు పట్టుకుని కపిలేశ్వరపురం వెళ్ళాను. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక మన కాలువలు సాగుకే కాదు, పడవలకూ దారులయ్యాయి. గాలి లేనప్పుడు పడవవాళ్ళు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ఆ తాడు బాట మీదే నా బండి నడిచింది. పక్కన కాలువ నిండుగా ఉంది, దాళ్వా చేలు పచ్చగా ఉన్నాయి. గంటసేపు నాకు ఎదురైనవి రెండు సైకిళ్ళు, ఒక బాతుల మంద.

కపిలేశ్వరపురం దగ్గర గౌతమి ఏటిగట్టెక్కాను. అది నాకు కొత్త కాదు. 1986 ఆగస్టు వరదలో గట్టు మీద తలదాచుకున్నవారి జాబితాలు లాంతరు వెలుగులో రాసినవాణ్ణి. అప్పుడు గట్టుకు రెండడుగుల దిగువన ఉన్న నీరు ఇప్పుడు ఇసుక తిన్నెల అవతలెక్కడో ఉంది. కాసేపు బండి ఆపి కూర్చున్నాను.

రాత్రి కోటిపల్లి రేవు దగ్గర బరకం పరిచి, దోమతెర ఒక కొస హ్యాండిలుకు, ఒక కొస సరుగుడు కర్రకు కట్టి పడుకున్నాను. నిద్ర పట్టిందని అబద్ధం చెప్పను. కానీ ఇంట్లో పట్టనప్పుడు కలిగే దిగులు మాత్రం లేదు. తెల్లవారి పంటు మీద బండి ఎక్కిస్తుంటే కుర్రాడు “ఒక్కరే వచ్చేశారా తాతగారూ? ఇంట్లో చెప్పారా అండి?” అని అడిగాడు. రెండు కాజాలు ఇచ్చాను.

ముక్తేశ్వరం నుంచి మురమళ్ళ దాకా కొబ్బరితోటల సందులే. రాత్రి ఒక రైతుగారిని అడిగి వారి తోటలో పడుకున్నాను. 1996 నవంబరు 6 తుపానులో చెట్లు పడిపోయిన వరుసల్ని వారు చీకట్లోనే చేత్తో చూపించారు. మూడోనాడు ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా ద్రాక్షారామం చేరి భీమేశ్వరుడి దర్శనం చేసుకున్నాను.

ఆ తరువాత జరిగింది చెప్పటానికే నేను ఈ మైకు ముందుకొచ్చాను. తిరుగుదారిలో ఒక ఊళ్ళో, పేరు అనవసరం, పటం నకలు చూసుకుంటూ పుంతలోకి దిగాను. 30 లింకుల వెడల్పు, అంటే సుమారు 20 అడుగులు ఉండవలసిన దారి. రెండు ఫర్లాంగులు వెళ్ళేసరికి చేపల చెరువు గట్టు అడ్డొచ్చింది. చెరువుకు ఆవల పుంత మళ్ళీ కనబడుతోంది. గడ్డి కోసుకుంటున్న ఒక ముసలమ్మను అడిగాను. “నా పెళ్ళినాడు ఇందులోంచే బళ్ళొచ్చాయి బాబుగారూ. ఇప్పుడు మా పేటలో ఎవరైనా పోతే, శవాన్ని ఊరంతా చుట్టు తిప్పి తీసుకెళ్ళాలి. మొన్న వానల్లో మా ఆయన్నీ అలాగే మోశారు” అంది. శ్మశానం ఆ చెరువుకు అవతల కనబడుతూనే ఉంది.

ఇంటికొచ్చాక సర్వే నంబరు సరిచూసుకుని, పటం నకలు జతచేసి, సోమవారం అర్జీల రోజున ఇచ్చాను. రశీదు తీసుకున్నాను. మూడుసార్లు తిరిగాను. సంక్రాంతి వెళ్ళాక సర్వేయరుగారు వస్తామన్నారు. ఇప్పుడు గొలుసులు లేవు, యంత్రం పెట్టి కొలుస్తారట. అయినా పాత సరిహద్దు రాళ్ళు గుర్తుపట్టి చూపించేవాళ్ళు కావాలి. మన సంఘంలో సర్వే శాఖలో చేసినవారు ముగ్గురున్నారు. ఆ రోజు ఎవరెవరు రాగలరో కార్యదర్శిగారికి పేర్లివ్వండి. బండి మీద ఒకరిని నేను ఎక్కించుకోగలను.