రైలుబండికి కవచము

(గుంటూరు సీమలో నొక గ్రామసభయందు చేసిన ప్రసంగ పాఠము)



మిరపకోతలకు పోవు కూలీలును, ప్రత్తి బేరగాండ్రును, కళాశాల విద్యార్థులును నరసరావుపేటలోనో, వినుకొండలోనో, మార్కాపురములోనో ప్యాసింజరు బండి నెక్కునపుడు టిక్కెట్టును, మూటలను సరిచూచుకొందురు. తమ ప్రాణములు ముందు ఇంజనులో కూర్చున్నవాని కంటిచూపుపై ఆధారపడి యున్నవని వారికి తోచదు. ఆతడును మనుష్యుడే. మంచులో సిగ్నలు కానరాకపోవచ్చును. అలసటచే ఒక్క నిమిషము కన్ను మూతపడవచ్చును. ఒక్క ఎఱ్ఱదీపము తప్పిపోయిన చాలును.

ఈ యాపదకు ప్రతిక్రియ మనకు దూరదేశమున పుట్టలేదు. 2016 ఫిబ్రవరిలో దక్షిణ మధ్య రైల్వేవారు లింగంపల్లి, వికారాబాదు, వాడి, బీదరు మార్గములలో సుమారు 250 కిలోమీటర్ల మేర ప్యాసింజరు బండ్లపై ఒక స్వదేశ యంత్రమును పరీక్షింప నారంభించిరి. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ భారతీయ పరిశ్రమల తోడ్పాటుతో నిర్మించిన ఆ సాధనమే ‘కవచ్’. 2020 జూలైలో దానిని జాతీయ రక్షణ పద్ధతిగా స్వీకరించిరి.

దాని పని సులభముగా చెప్పవచ్చును. పట్టాల నడుమ దిమ్మెలకు చిన్న గుర్తుబిళ్లలు బిగింతురు. ఇంజనులోని యంత్రము వానిని చదివి బండి యెచ్చట నున్నదో తెలిసికొనును. స్టేషనునుండి రేడియో ద్వారా సిగ్నలు సమాచారము వచ్చును. డ్రైవరు బ్రేకు వేయవలసినచోట వేయనియెడల యంత్రమే వేయును. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల నడుమ ఒకే పట్టాపై రెండు ఇంజనులను ఎదురెదురుగా నడిపిరి. ఒకదానిలో రైల్వే మంత్రియే యుండెను. రెండవ యింజనునకు 380 మీటర్ల దూరముననే బండి తనంతట తానే నిలిచినది.

మరి 2023 అక్టోబరు 29న విజయనగరము జిల్లా కంటకాపల్లివద్ద నేమి జరిగినది? ముందున్న ప్యాసింజరును వెనుకనుండి వచ్చిన ప్యాసింజరు ఢీకొనగా 14 మంది మరణించిరి. ఆ మార్గమున కవచము లేదు. ప్రాథమిక విచారణ వెనుకబండి సిబ్బందిని తప్పుపట్టినది. వారును ఆ ప్రమాదముననే మరణించిరి. సమాధానము చెప్పజాలనివానిపై తీర్పు తేలికగా నిలుచునని న్యాయవాదులమైన మేమెఱుగుదుము.

రైల్వే చట్టము 124వ సెక్షను ప్రకారము ఎవరి తప్పుతోను నిమిత్తము లేకుండ పరిహారము చెల్లింపవలెను. మృతునికి 8 లక్షల రూపాయలని నియమము. మంచిదే. కాని చట్టము శవము వెనుక వచ్చును. కవచము ప్రాణము ముందు నిలుచును.

ఇది సర్వరోగ నివారిణియని మేము చెప్పుట లేదు. 2023 జూన్ 2న ఒడిశాలో బహనాగావద్ద జరిగిన ఘోరమునకు సిగ్నలు వైరింగు పనిలోని లోపములే కారణమని విచారణలో తేలినది. పనిలోని నిర్లక్ష్యమునకు యంత్రము మందు కాదు. ఖర్చు మాటయు కలదు: కిలోమీటరునకు సుమారు 50 లక్షలని అధికారుల లెక్క. కావుననే తొలి పరీక్షకు ఏడేండ్ల తరువాత, 2023 నాటికి, 1,465 కిలోమీటర్ల మార్గముననే యిది అమరినది. దేశమున రైలుమార్గము 68,000 కిలోమీటర్లకు మించి యున్నది.

2020 జూలైలో గుంటూరు రెడ్డిపాలెమునుండి 384 టన్నుల ఎండుమిరపకాయలు ప్రత్యేక పార్సిలు రైలులో బంగ్లాదేశమునకు పోయినవి. సరకునకు ప్రత్యేక రైలు సమకూర్చగల ప్రభుత్వము ఆ సరకు పండించినవాని ప్రాణమునకు రక్షణ సమకూర్పలేదా? మన మార్గమునకు కవచమెప్పుడని పార్లమెంటు సభ్యులను తేదీతో సహా అడుగుడు. తెలుగునేల పరీక్షించి యిచ్చిన వరము తెలుగువానికి చేరువరకు అడుగుట మానకుడు.