మామిడి డబ్బు ఎవరిది?

(నూజివీడులో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సరిహద్దులో పట్టుకున్న డబ్బు అనగానే మనకి విమానాశ్రయాలూ, కస్టమ్స్ అధికారులూ, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల పెట్టెలూ గుర్తొస్తాయి. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు మన గుమ్మం ముందున్న సరిహద్దు గురించి మాట్లాడుకుందాం. 2014 జూన్ 2 దాకా తిరువూరు దాటి ఖమ్మం వైపు వెళ్తే జిల్లా మారేది, అంతే. ఇప్పుడు రాష్ట్రం మారుతుంది. మామూలు రోజుల్లో ఈ తేడా ఎవరికీ పట్టదు. ఎన్నికల షెడ్యూలు ప్రకటించిన రోజు నుంచి పడుతుంది.

ఎన్నికల కాలం, మామిడి కాలం ఒకటే కావడం మన దురదృష్టం. 2014లో మే 7న పోలింగు. 2019లో ఏప్రిల్ 11న. 2024లో మార్చి 16న మొదలైన నియమావళి జూన్ 6 దాకా ఉంది, అంటే దాదాపు సీజన్ మొత్తం. రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు కోతకొచ్చి, హైదరాబాదు వెళ్లి, డబ్బు వెనక్కొచ్చే రోజులివే.

నాకు తెలిసిన ఒకావిడ కథ చెబుతాను. పేరూ ఊరూ అడక్కండి. చెల్లెలితో కలిసి ఓ చిన్న తోట కౌలుకి చేసింది. తోట ఆవిడ బావగారిది. కాయ కోయించడం, గ్రేడు చేయడం, గడ్డి వేసి సర్దడం, లారీ కిరాయి మాట్లాడడం అంతా అక్కాచెల్లెళ్లే. సరుకు అమ్ముకుని లక్షా ఎనభై ఆరు వేలతో తిరిగొస్తుంటే చెక్‌పోస్టులో ఆపారు. "మీ ఆయనేడమ్మా?" అన్నది మొదటి ప్రశ్న. "కాగితం ఏది?" అన్నది రెండోది. కాగితం ఉంది. కానీ అమ్మకం చీటీ మీద బావగారి పేరుంది. తోట ఆయనది, దుకాణం వాళ్లకి తెలిసింది ఆయనే, గుమాస్తా ఎప్పుడూ రాసే పేరే రాశాడు. డబ్బు తీసుకుని, ఆవిడ చేత సంతకం పెట్టించుకుని, ఓ కాపీ చేతిలో పెట్టారు. తొమ్మిది రోజుల తర్వాత డబ్బు విడుదలైంది, చీటీలో పేరున్న మనిషికి. ఆయన పాత కౌలు బాకీ, వడ్డీ మినహాయించుకుని మిగిలింది ఇచ్చాడు. కూలీలకి ఆవిడ అప్పు తెచ్చి కట్టింది.

మొన్న ఈ సంగతి చెబితే ఒక మిత్రురాలు "అయితే డబ్బు తిరిగొచ్చిందిగా!" అంది. వచ్చింది, నిజమే. ఎవరికి?

"ఫోన్‌పేలో వేయించుకోవచ్చు కదా" అని మనలాంటి చదువుకున్నవాళ్లం తేలిగ్గా అనేస్తాం. ఆ ఫోను కొడుకు చేతిలో ఉంటుంది. డ్వాక్రా ఖాతాలో పడితే పాత వాయిదా కింద పోతుందేమోనని భయం. సర్దుడు పనికొచ్చిన ఆడవాళ్లకి సాయంత్రానికి కూలి చేతికివ్వాలి. నగదుతో ప్రయాణం చేయడం ఆవిడ అజ్ఞానం కాదు, లెక్క.

ఇక నిబంధన ఏమిటి? యాభై వేలకు మించి డబ్బు ఉంటే నేరమని ఊరంతా నమ్ముతోంది, చెక్‌పోస్టులో వాళ్లూ కొందరు నమ్ముతున్నారు. అలాంటి చట్టం లేదు. ఎన్నికల సంఘం 2015 మే 29 నాటి ఆదేశాల్లో ఆ యాభై వేల మాట అభ్యర్థి, అతని ఏజెంటు, పార్టీ కార్యకర్త ప్రయాణించే వాహనానికీ, ప్రచార సామగ్రి ఉన్న వాహనానికీ సంబంధించింది. పది లక్షలు దాటితే ఆదాయపు పన్ను శాఖకి తెలియజేయాలి. తనిఖీ అంతా వీడియో తీయాలి. మహిళా అధికారి లేకుండా ఆడవాళ్ల చేతిసంచీ తెరవకూడదు. (అసలు ఓట్లకి పంచే డబ్బు ఈ చెక్‌పోస్టుల్లో ఆగుతుందా అన్నది వేరే ఉపన్యాసం.)

ఆ ఆదేశాల్లోనే తిరిగి ఇచ్చే దారి కూడా ఉంది. ప్రతి జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉండాలి. జిల్లా పరిషత్తు ముఖ్య కార్యనిర్వహణాధికారి స్థాయి అధికారి ఒకరు, ఎన్నికల ఖర్చు చూసే నోడల్ అధికారి, జిల్లా ఖజానా అధికారి. కేసు నమోదు కాని, ఏ అభ్యర్థితోనూ పార్టీతోనూ సంబంధం లేని డబ్బు విషయం ఆ కమిటీ తనంతట తానే పరిశీలించి, కారణాలు రాసి, విడుదల చేయాలి. మనం అర్జీ పెట్టేదాకా ఆగనక్కర్లేదు. ఎంత ఆలస్యమైనా పోలింగు తర్వాత ఏడు రోజులు దాటి ఉంచకూడదు. ఎవరికి మొరపెట్టుకోవాలో, ఎలాగో ఆ స్వాధీనం కాగితం మీదే రాసి ఉండాలి. ఆవిడ కాగితం మీద ఉంది. ఎవరూ చదివి చెప్పలేదు. ఇది మన పని కాదూ?

ఇంకో చిక్కు. నూజివీడు 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలో ఉంది. హైదరాబాదు రహదారి మీద గరికపాడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. డబ్బు ఎక్కడ పట్టుకుంటే ఆ జిల్లా కమిటీ దగ్గరికి వెళ్లాలి, ఏలూరు తిరిగి లాభం లేదు. కేసు పెడితే కమిటీ చేతిలో ఉండదు. అప్పుడు మేజిస్ట్రేటు కోర్టులో వాపసు కోసం దరఖాస్తు వేయాలి.

కాగితాల సంగతికొస్తే, కౌలు కార్డుకి 2019 చట్టం తోట యజమాని సంతకం అడిగింది. బావగారు పెడతాడా? పెట్టడు. అందుకని మనం చేతనైనవి చేద్దాం. అమ్మకం చీటీ, లారీ కిరాయి రసీదు స్త్రీ పేరున రాయించడం. సంఘం తీర్మానంలో "ఫలానా సభ్యురాలు ఈ ఏడు ఫలానా తోట చేస్తోంది" అని సీజన్ ముందే రాసుకోవడం. ఒకే కొనుగోలుదారు నుంచి ఒకే రోజు రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవద్దని కూడా చెప్పాలి. ఆదాయపు పన్ను చట్టం 2017 నుంచి దాన్ని ఒప్పుకోదు.

ఇక కస్టమ్స్. మన గోదావరి, కృష్ణా ఊళ్ల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసి వచ్చే స్త్రీలు ఎందరో. విదేశీ నోట్లు 5,000 డాలర్ల విలువ దాటితే దిగగానే ప్రకటించాలి. ప్రకటిస్తే తప్పు లేదు, దాచితేనే చిక్కు. స్త్రీని స్త్రీయే సోదా చేయాలని 1962 కస్టమ్స్ చట్టం 102వ సెక్షన్ చెబుతోంది. స్వాధీనం చేసుకున్న ఆరు నెలల్లో నోటీసు ఇవ్వకపోతే, గడువు ఇంకో ఆరు నెలలు పొడిగించకపోతే, తిరిగి ఇచ్చేయాలి. "నాకు నోటీసు అక్కర్లేదు" అని ముందే అచ్చువేసిన కాగితం మీద సంతకం తీసుకునే పద్ధతిని 2025లో ఢిల్లీ హైకోర్టు తప్పుపట్టింది. అర్ధరాత్రి దిగి, బయట కారు ఎదురుచూస్తుంటే, ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టమన్నా పెట్టేస్తాం. అర్థం కాని కాగితం మీద పెట్టొద్దని వెళ్లేముందే చెప్పి పంపాలి.

ఆ అక్కాచెల్లెళ్లు మళ్లీ తోట చేశారు, ఈసారి వేరేవాళ్లది. మార్కెట్లో గుమాస్తా అలవాటుగా "ఎవరి పేరు రాయమంటారమ్మా, మీ వారిదేనా?" అన్నాడట. తన పేరు చెప్పింది. ఇంటిపేరు తప్పు రాస్తే చీటీ చింపించి మళ్లీ రాయించింది. వెనకాల లారీ డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడట.